పత్తి దారి పట్టుకుని మాంచెస్టర్ చుట్టూ

మాంచెస్టర్‌లో చేతిలో ఒక్కరోజే ఉంటే సిటీ వదిలేసి స్టయల్ అనే ఊరు వెళ్లండి. ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే, బోలిన్ నది ఒడ్డున క్వారీ బ్యాంక్ మిల్లు ఉంది. 1784లో శామ్యూల్ గ్రెగ్ పెట్టిన నూలు మిల్లు ఇది. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. టికెట్ కొనాలి, కానీ డబ్బులు దండగ అనిపించదు. మిల్లు, యజమాని ఇల్లు, తోట, పనిపిల్లలను ఉంచిన అప్రెంటిస్ హౌస్, కార్మికుల ఇళ్లు అన్నీ నడిచి చూసేయొచ్చు.

మగ్గాల గదిలో సిబ్బంది పవర్‌లూమ్ ఆడించి చూపిస్తారు. కాసేపటికే పక్కనున్న మనిషి మాట వినపడదు, కాళ్ల కింద నేల అదురుతుంది. అలాంటివి వందలు ఒకేసారి ఆడే షెడ్లలో పనిచేసిన ఆడవాళ్లు పెదాల కదలిక చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. చాలామందికి చెవుడు వచ్చింది. అప్రెంటిస్ హౌస్‌లో 90 మంది దాకా పిల్లలు ఉండేవారట, వాళ్లకి రోజుకు 12 గంటల పని. ఆ ఇల్లు గైడ్‌తో చూడటమే మేలు. రాగానే టైమ్ అడిగి పెట్టుకోండి.

గ్రెగ్ కుటుంబానికి కరీబియన్‌లోని డొమినికా దీవిలో బానిసల చేత పని చేయించిన చెరకు తోట కూడా ఉండేది. ఇక్కడ మిల్లులో పిల్లలు, అక్కడ తోటలో బానిసలు, రెండు ఆదాయాలూ చేరింది ఒకే ఇంటికి. ఈ సంగతి తెలిశాక ఆ అందమైన తోటలో తిరగడం కొంచెం ఇబ్బందిగానే ఉంది.

సిటీలో సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియం ఉచితం. 1830లో మొదలైన లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వే స్టేషన్ దాని ఆవరణలోనే ఉంది. లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి మిల్లులకు చేరింది ఈ దారినే. తర్వాత ఇండియాలో రైలు పట్టాలు పడినప్పుడూ ఇదే లెక్క: పత్తి రేవుకు, మిల్లు బట్ట ఊళ్లకు. ఇక్కడ యంత్రాలను బాగా చూపిస్తారు. పత్తి ఎక్కడిది, బట్ట ఎవరికి అమ్మారు అన్నది మాత్రం మనం వెతుక్కుని చదవాలి. పాత భవనాలు కదా, ఏదో ఒక భాగం రిపేర్లలో ఉంటుంది. వెళ్లేముందు సైట్ చూడండి.

నాకు అన్నిటికంటే నచ్చింది రాయల్ ఎక్స్ఛేంజ్. ఒకప్పుడు పత్తి, బట్టల వ్యాపారులు కిక్కిరిసిన హాలు, ఇప్పుడు మధ్యలో థియేటర్. తల పైకెత్తితే 1968లో వ్యాపారం ఆగిన చివరి రోజు ధరల బోర్డు అలాగే ఉంది. ఈ వ్యాపారుల పలుకుబడి లండన్ మీదుగా కలకత్తా దాకా పాకేది. మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల ప్రాంతమైన లాంకషైర్ ఒత్తిడి వల్లే 1896లో భారత మిల్లు బట్ట మీద 3.5 శాతం ఎక్సైజ్ సుంకం పడింది. అది పూర్తిగా పోయేసరికి 1926 వచ్చింది. మన దేశంలో మనం నేసుకున్న బట్టకి, వేరే దేశపు వ్యాపారి నష్టపోకూడదని పన్ను!

దగ్గర్లోనే లింకన్ విగ్రహం. అమెరికా అంతర్యుద్ధంలో పత్తి రాక ఆగి పస్తులున్నా, బానిసత్వానికి వ్యతిరేకంగా నిలిచిన మాంచెస్టర్ కార్మికులకు 1863 జనవరిలో ఆయన ఉత్తరం రాశాడు. ఆ లోటు తీర్చడానికి ఇండియాలో పత్తి సాగు పెంచారు. యుద్ధం అయిపోయాక ధర పడిపోయింది, దక్కన్ రైతులు అప్పుల్లో మునిగారు. 1875లో అక్కడి రైతులు వడ్డీ వ్యాపారుల మీద చేసిన అల్లర్ల మూలాల్లో అదీ ఒకటి. విగ్రహం దగ్గర ఈ రెండో సగం గురించి ఏమీ కనపడలేదు.

బస సంగతి. పాత పత్తి గోదాముల్లో కొన్ని ఇప్పుడు హోటళ్లు. మేము దిగింది అలాంటి దాంట్లోనే. మెట్లు, లాబీ రాజభవనంలా ఉన్నాయి, గది మాత్రం ఇరుకు. కిటికీ తెరుచుకోలేదు, వేడినీళ్ల కోసం రెండుసార్లు రిసెప్షన్‌కి ఫోన్ చేయాల్సి వచ్చింది. సరుకు కోసం కట్టిన భవనం మరి! పిల్లలతో వెళ్లేవాళ్లు ట్రామ్ స్టాప్ పక్కన మామూలు హోటల్ చూసుకోవడం మంచిది.

లివర్‌పూల్ రైల్లో గంటలోపే. బానిసత్వ మ్యూజియం 2025 మొదట్లో పునర్నిర్మాణానికి మూసేశారు, తెరిచారో లేదో కనుక్కుని బయల్దేరండి. మూసి ఉన్నా టౌన్‌హాల్ గోడ పైభాగం చూడండి: ఏనుగు, మొసలి, ఆఫ్రికన్ ముఖం. ఊరికి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లే చెక్కించుకున్నారు.

ఓపిక మిగిలితే లాంకషైర్‌లోని డార్వెన్ అనే ఊరు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చిన గాంధీ, విదేశీ బట్టల బహిష్కరణతో దెబ్బతిన్న మిల్లు కార్మికులను కలవడానికి ఈ ఊరు వచ్చాడు. వాళ్లు ఆయన చుట్టూ చేరి కేరింతలు కొట్టిన ఫోటో మీరూ చూసే ఉంటారు. ఊళ్లో 1860ల నాటి పొగగొట్టం ఒకటి దాదాపు 300 అడుగుల ఎత్తున ఉంది. ఆ మిల్లు పేరు ఇండియా మిల్. బయటి నుంచి చూసి రావడమే, అంతకుమించి ఏర్పాట్లేమీ లేవు. సగం పూట చాలు. రైళ్లు తక్కువ కాబట్టి, తిరుగు బండి టైమ్ చూసుకున్నాకే స్టేషన్ దాటండి.