ఆక్టేవ్ ప్రొఫైలర్: అంకెల పట్టికను ఒక్కదాన్నే నమ్మొద్దు

పాకాల, లక్నవరం లాంటి చెరువుల నీటి లెక్కల మీద గ్నూ ఆక్టేవ్ (లెక్కల ప్రోగ్రాములు రాసే ఉచిత సాఫ్ట్‌వేర్) ప్రొఫైలర్‌ను, అంటే ఏ ఫంక్షన్ ఎంత సమయం తిందో కొలిచే సాధనాన్ని, ఏళ్ల తరబడి నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. ముందుగా లెక్క ఎలాంటిదో తెలియాలి. వాగుల నుంచి వచ్చిన నీరు, పడ్డ వాన, ఆవిరైంది, తూము నుంచి వదిలింది, మత్తడి దుంకింది... నేటి నిల్వకు వచ్చింది కలిపి, పోయింది తీసేస్తే రేపటి నిల్వ తేలుతుంది. లీపు రోజులు వదిలేస్తే 30 ఏళ్లకు 10,950 రోజులు. వానలను హెచ్చుతగ్గులు చేసి 100 రకాలుగా చూస్తే లూపు 10,95,000 సార్లు తిరగాలి. ల్యాబుల్లోని పాత కంప్యూటర్ల మీద ఇది గంటలకు పాకుతుంది కాబట్టే ప్రొఫైలర్ కావాల్సి వస్తుంది.

వాడకం తేలికే. ప్రొఫైల్ ఆన్ అనాలి, ఫంక్షన్ నడపాలి, ప్రొఫైల్ ఆఫ్ అనాలి, కొలతల పట్టిక కోసం ప్రొఫ్‌షో పిలవాలి. ఆన్ అన్న ప్రతిసారీ పాత కొలతలు తుడిచిపెట్టుకుపోతాయి, వాటికి కొత్తవి కలవాలంటే రెజ్యూమ్ అనాలి. కొలిచే ముందు ప్రోగ్రామును ఒకసారి ఊరికే నడపండి. లేకపోతే ఫైళ్లు మొదటిసారి చదివి పార్స్ చేసిన సమయం కూడా లెక్కలో దూరుతుంది.

ప్రొఫ్‌షో మామూలుగా 20 వరుసలే చూపిస్తుంది. అవి ఫంక్షన్ సొంత సమయం ప్రకారం పేర్చి ఉంటాయి, అది పిలిచిన వేరే ఫంక్షన్లు తిన్న సమయం అందులో కలవదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. చెరువు లెక్కలో ప్రతి రోజూ నిల్వ నుంచి నీటిమట్టం తీయాలి, దానికి పట్టికలోని విలువల మధ్య విలువను లెక్కగట్టే ఇంటర్ప్-1 పిలుస్తాం. ఆక్టేవ్‌లో అది ఆక్టేవ్ భాషలోనే రాసిన ఫంక్షన్. పిలిచిన ప్రతిసారీ ఇచ్చిన విలువలను తనిఖీ చేస్తుంది, మట్టం-నిల్వ పట్టిక మొత్తానికి ముక్కల బహుపదిని (ఒక్కో భాగానికి ఒక్కో సమీకరణం) కొత్తగా కట్టి, దాని విలువ తేల్చే పీపీవాల్‌కు అందిస్తుంది. సమయమంతా ఆ చిన్నచిన్న పనుల మధ్య చీలిపోతుంది. పట్టికలో ఇంటర్ప్-1 ఎక్కడో మధ్యలో అమాయకంగా కనిపిస్తుంది, పైన మాత్రం తనిఖీ ఫంక్షన్లు, స్ట్రింగ్ పోలికలు ఉంటాయి. వాటిని మనం రాయలేదు, మార్చలేం కూడా. అసలు దోషి ఎవరో పట్టిక చెప్పదు.

ప్రొఫ్‌ఎక్స్‌ప్లోర్ చెబుతుంది. ఎవరు ఎవరిని పిలిచారో చెట్టులా చూపిస్తుంది, అంకె కొడితే కొమ్మలోకి దిగుతాం, అప్ అంటే పైకి వస్తాం. ప్రతి కొమ్మకూ మొత్తం సమయం, సొంత సమయం విడిగా ఉంటాయి. అదే సమాచారాన్ని ప్రొఫ్‌ఎక్స్‌పోర్ట్ బ్రౌజర్ పేజీలుగా రాసిపెడుతుంది, పక్కవాళ్లకు చూపించడానికి అది మేలు. కానీ బొమ్మ లేదు. ఇలాంటి పనులకే వాడే మ్యాట్‌ల్యాబ్‌లో 2020ఏ వెర్షన్ నుంచి ఫ్లేమ్ గ్రాఫ్ (పిలుపులను ఒకదానిపై ఒకటి పట్టీలుగా చూపే బొమ్మ) వచ్చింది. మన ఫంక్షన్లు నీలంలో, మ్యాట్‌ల్యాబ్ సొంతవి బూడిద రంగులో కనిపిస్తాయి, కోడ్‌లో ఏ వరుస ఎంత సమయం తిందో కూడా తెలుస్తుంది. ఆక్టేవ్ ఫంక్షన్ దగ్గరే ఆగిపోతుంది. ఇది నిజంగా పెద్ద లోటు.

బొమ్మ మనమే చేసుకోవచ్చు. ప్రొఫైల్ ఇన్ఫో ఇచ్చే స్ట్రక్చర్‌లో హైరార్కికల్ అనే భాగం ఉంటుంది. తనను తానే పిలుచుకునే ఒక ఇరవై వరుసల ఫంక్షన్ రాసి, ఒక్కో కొమ్మకు ఒక్కో వరుసగా, వేరు నుంచి ఆ కొమ్మ దాకా పేర్లను సెమీకోలన్‌తో కలిపి, ఖాళీ వదిలి, సొంత సమయం రాయాలి. ఆ ఫైలును ఫ్లేమ్ గ్రాఫ్‌లు చూపే స్పీడ్‌స్కోప్‌లో తెరిస్తే ఫ్లేమ్ గ్రాఫ్ వచ్చేస్తుంది. సమయాన్ని 10,00,000తో గుణించి మైక్రోసెకన్లు చేసి, తప్పకుండా రౌండ్ చేయాలి. దశాంశం మిగిలితే ఆక్టేవ్ పూర్ణాంకం బదులు దశాంశాన్నే రాసేస్తుంది, స్పీడ్‌స్కోప్ ఆ వరుసలను లెక్కలోకి తీసుకోదు. మొత్తం సమయం రాయడం ఇంకో పొరపాటు, అప్పుడు ఒకే సమయం రెండుమూడుసార్లు లెక్కకొస్తుంది. బొమ్మలో వెడల్పే సమయం. ఇంటర్ప్-1 పట్టీ సగం తెర ఆక్రమిస్తే ఇక వాదన అక్కర్లేదు.

ఆక్టేవ్‌లో నాకు బాగా నచ్చింది, కూడిక, గుణకారాలను కూడా బైనరీ ప్లస్, బైనరీ స్టార్ అంటూ విడిగా లెక్కపెట్టడం. లూపులో ఒక్క కూడిక ఉన్నా దాని పక్కన 10,95,000 పిలుపులు కనిపిస్తాయి. ఒక్కో అంకె మీద పని జరుగుతోందని అదే చెప్పేస్తుంది. అనానిమస్ ఫంక్షన్లకు ఫైలు పేరు, వరుస నంబరు కూడా జతచేస్తుంది. ఇండెక్సింగ్, లూపులో అర్రే పెరగడం మాత్రం విడిగా రావు, ఆ ఫంక్షన్ సొంత సమయంలో కలిసిపోతాయి. పిలుపులు తక్కువ, సొంత సమయం ఎక్కువ అయితే ముందు అర్రేకు చోటు కేటాయించారో లేదో చూడండి.

ఒక హెచ్చరిక. ప్రతి పిలుపునూ నమోదు చేయడానికీ సమయం పడుతుంది కాబట్టి చిన్న ఆపరేటర్ల శాతాలు ఉబ్బి కనిపిస్తాయి. మార్పు నిజంగా పనిచేసిందా అన్నది ప్రొఫైలర్ ఆపి, గడియారంలా మొత్తం సమయం కొలిచే టిక్-టాక్‌తోనే తేల్చుకోవాలి. పనిని పంచి ఒకేసారి నడిపే పార్‌సెల్‌ఫన్‌తో నాలుగు కోర్ల మీద నడిపితే పిల్ల ప్రాసెస్‌ల కొలతలు తిరిగి రావు, కొలిచేటప్పుడు ఒకే కోర్ మీద నడపండి.

ఇక మందు. ఇంటర్ప్-1కు పీపీ అని చెప్పి ముక్కల బహుపదిని లూపు బయట ఒక్కసారే కట్టి, లోపల పీపీవాల్ మాత్రమే పిలవాలి. రోజుల లూపు తీయలేం, నేటి నిల్వ నిన్నటి మీద ఆధారపడుతుంది. 100 రకాలను మాత్రం ఒకే నిలువు వెక్టర్‌గా నడపొచ్చు. అప్పుడు ఒక్కో ఆపరేటర్ పిలుపులు 10,95,000 నుంచి 10,950కి దిగుతాయి. మాత్రికను 100 అడ్డువరుసలు, 10,950 నిలువువరుసలుగా పెట్టండి. ఆక్టేవ్ నిలువువరుసల క్రమంలో దాస్తుంది కాబట్టి ఒక రోజు లెక్క మెమరీలో ఒకే చోట ఉంటుంది. మళ్లీ బొమ్మ గీస్తే ఈసారి వానల సీఎస్‌వీ ఫైలు చదవడమే వెడల్పుగా కనిపించొచ్చు. దాన్ని ఒకసారి చదివి బైనరీగా సేవ్ చేసుకుంటే సరి.