హెవర్ కోటకి వెళ్ళండి, రాత్రికి మాత్రం ఇంటికొచ్చేయండి

లండన్ నుంచి పొద్దున్న వెళ్తే రాత్రికి వచ్చేయొచ్చు, కానీ మేం ఒక రాత్రి అక్కడే ఉందామని దగ్గర్లో ఒక గెస్ట్‌హౌస్‌లో 118 పౌండ్లు పెట్టి రూమ్ తీసుకున్నాం. "కోటకి 5 నిమిషాలు" అని రాశాడు. కార్లో అట! మాకు కారు లేదు, టాక్సీకి పోను 14, రాను 14. రూమేమో రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, అత్తయ్యగారు మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే మా ఆవిడ నన్ను చూసిన చూపు నాకే తెలుసు. ఏప్రిల్ చలిలో పదింటికల్లా హీటర్ కట్టేశారు, అడిగితే ఇంకో దుప్పటి చేతిలో పెట్టారు. బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అన్నారు కదా, ఫ్రీ అంటే రెండు బ్రెడ్ ముక్కలు, గుడ్డుకి 4 పౌండ్లు. ఇంట్లోంచి తెచ్చిన పులిహోర లేకపోతే అంతే సంగతులు.

కోట మాత్రం సూపర్. చిన్నదే, చుట్టూ నీళ్ళ కందకం. బోలీన్ల కుటుంబం 1462లో కొనుక్కుని కోట గోడల మధ్యే కాపురానికి ఇల్లు కట్టుకున్నారు, ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ రెండో భార్య ఆన్ బోలీన్ చిన్నప్పుడు ఉన్నది ఇక్కడే. ఆమెని చేసుకోడానికి పోప్‌తోనే తెగతెంపులు చేసుకున్నాడు, 1536లో ఆమె తలే తీయించాడు, ఆ తర్వాత నాలుగో భార్యతో పెళ్ళి రద్దయ్యాక ఇదే ఇల్లు ఆవిడకిచ్చాడు. "గోల్కొండ ఎక్కినదాన్ని, ఇదేం కోట బాబూ" అని మొహం ముడుచుకున్న అత్తయ్యగారు ఒక తాళం దగ్గర ఆగిపోయారు. హెన్రీ ఎక్కడికెళ్ళినా పడుకునే గదికి బిగించుకోడానికి వెంట తిప్పుకున్న తాళమట అది. "పెళ్ళాన్ని చంపినోడికి నిద్రెలా పడుతుంది మరి" అన్నారు. ఆన్ చేత్తో రాసుకున్న మాటలున్న ప్రార్థన పుస్తకాల దగ్గర ఇంకా ఎక్కువసేపు నిలబడ్డారు.

వెనకున్న పాతకాలం పల్లె లాంటి ఇళ్ళు 500 ఏళ్ళవనుకుని నలభై ఫోటోలు తీశా, తీరా చూస్తే 1903లో కోట కొన్న ఆస్టర్ అనే అమెరికన్ కోటీశ్వరుడు కట్టించినవి! 38 ఎకరాల చెరువు కూడా ఆయన తవ్వించిందే.

తోటల టికెట్ ఒక్కటే తీసుకుని మిగుల్చుకుందాం అనుకోకండి, లోపలికెళ్ళకపోతే దండగ. హెవర్ స్టేషన్ నుంచి మైలు దాకా నడక, టాక్సీలు నిలబడి ఉండవు, వానపడితే పొలాల దారంతా బురద, చెప్పులతో వెళ్ళొద్దు. పిల్లలుంటే ఇంకో జత బట్టలు పెట్టుకోండి, నీళ్ళు చిమ్మే మేజ్‌లో (దారి వెతుక్కుంటూ వెళ్ళే ఆట) మావాడు తడిసి ముద్దయ్యి ట్రైన్లో లండన్ దాకా నా స్వెటర్‌లోనే కూర్చున్నాడు.