మధురపూడి నుంచి శంషాబాద్: గంట ప్రయాణమంటే నమ్మేశాం

పోయిన నెల అమ్మని మొదటిసారి విమానం ఎక్కించాను. రాజమండ్రి నుంచి హైదరాబాద్. ముందురోజు రాత్రి దూరం ఎంతో నెట్‌లో కొడితే ఒక సైట్ 360 కిలోమీటర్లు, అరగంట లోపే అంది. అది మ్యాప్ మీద గీత గీసి జెట్ స్పీడుతో భాగించే లెక్క. ఈ రూట్లో మాకు దొరికింది ఏటీఆర్, అంటే రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, అది గంటకి 500 కిలోమీటర్లు పోతే గొప్ప. టికెట్ మీద గంటా పావు వేశారు, అందులో రన్‌వే దాకా నెమ్మదిగా నడిపే టైమూ ఉంటుంది కాబట్టి అది నిజాయితీ లెక్కే. గాల్లో ఉన్నది 55 నిమిషాలు.

మరి మిగతా ప్రయాణం? మాది అంబాజీపేట పక్కన. ఎయిర్‌పోర్ట్ ఉన్న మధురపూడి రాజమండ్రి ఊళ్ళో లేదు, ఊరు దాటి ఇంకో 18 కిలోమీటర్లు పోవాలి. మా ఇంటి నుంచి 80 దాకా అవుతుంది. ఆరున్నరకి బయల్దేరితే కొత్తపేట దాటేదాకా కొబ్బరికాయల లారీ వెనకే పాకాం, ఓవర్‌టేక్ చేద్దామంటే ఒకపక్క కాలవ. రావులపాలెం దగ్గర హైవే ఎక్కాక గానీ కారు కారులా నడవలేదు. ఎయిర్‌పోర్ట్ చేరేసరికి తొమ్మిది.

లోపల మాత్రం హాయి. చిన్న ఎయిర్‌పోర్ట్ కదా, చెకిన్, సెక్యూరిటీ కలిపి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఆవకాయ డబ్బా చెకిన్ బ్యాగులో పెట్టేశాం, చేతి సామానులో వద్దంటారు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె అమ్మ ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది. నా ట్రాలీ బ్యాగు పైన అరలో పట్టదని మెట్ల దగ్గరే తీసేసుకున్నారు, ఏటీఆర్ ఎక్కేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

లేచాక కిటికీలోంచి గోదారి కనపడింది. అమ్మ "అదేంట్రా, ఇసకే ఎక్కువుంది" అంది. ఆ రెండు నిమిషాల కోసం టికెట్ డబ్బులు ఇచ్చేయొచ్చు.

శంషాబాద్‌లో దిగాక అసలు పరీక్ష. బెల్టు మీద బ్యాగు రావడానికి అరగంట పట్టింది, ఆవకాయ మూత దగ్గర కాస్త నూనె కారింది, అడిగితే కౌంటర్లో ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకున్నారు. అక్కణ్ణుంచి కూకట్‌పల్లిలో అన్నయ్య ఇంటికి ఇంకో గంటన్నర. గుమ్మం ఎక్కేసరికి రెండు దగ్గరపడింది. "గంటే అన్నావు కదరా, ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి" అంది అమ్మ. ఏడున్నర గంటలు!

అదే గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు అయితే రాత్రి రాజమండ్రిలో ఎక్కి, పడుకుని, పొద్దున్న లింగంపల్లిలో దిగొచ్చు, కూకట్‌పల్లికి అక్కణ్ణుంచి దగ్గర కూడా.

రాజమండ్రి, కొవ్వూరు వాళ్ళకి ఈ విమానం బంగారం, కళ్ళు మూసుకుని ఎక్కేయండి. కోనసీమ కింద ఊళ్ళ వాళ్ళు మాత్రం కారు ఖర్చు కలిపి చూసుకోండి. భీమవరం వైపు వాళ్ళైతే గన్నవరం, అంటే విజయవాడ ఎయిర్‌పోర్ట్ కూడా ఓసారి చూడండి, విమానాలు ఎక్కువ.

విమానానికి 4 స్టార్లు, మొత్తం ప్రయాణానికి రెండున్నర. పూతరేకులు ఒక్కటి కూడా విరగలేదు. తిరుగు ప్రయాణానికి అమ్మ అప్పుడే లోయర్ బెర్త్ అడుగుతోంది.