ఫైబర్ టీవీ బాక్స్: ఒకప్పటి కేబుల్ ఆపరేటర్ రివ్యూ

తణుకులో మా వీధికి ఫైబర్ వచ్చింది. ఇంటర్నెట్టూ, టీవీ ఛానళ్లూ, ఓటీటీలూ కలిపి ఒకే ప్యాకు. నెలకి 599, జీఎస్టీతో 707. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటి ప్యాకే మీ ఊళ్లో ఇంకో పేరుతో దొరుకుతుంది, నేను చెప్పే మంచీచెడ్డా చాలావరకు దానికీ వర్తిస్తాయి. ఒక సంగతి ముందే చెప్పాలి, తొంభైల్లో ఇదే ఊళ్లో నేను కేబుల్ లైను నడిపాను. డాబా మీద డిష్షులు, కింద గదిలో మాడ్యులేటర్లు, స్తంభాల మీద యాంప్లిఫయర్లు, ఒకటో తారీఖు దాటితే ఇంటింటికీ వసూళ్లు. అందుకని బొమ్మ కంటే ముందు నా కన్ను వైరు మీద పడుతుంది.

బిగించడానికి వచ్చిన కుర్రాడు చురుకైనవాడే. తీగ లాగాడు, జాయింటు వేశాడు, మోడెం మీద పచ్చ లైటు వెలగ్గానే "అయిపోయింది బాబాయ్ గారూ" అన్నాడు. "పవర్ ఎంతొచ్చింది?" అన్నాను. నా మొహం చూశాడు. మీటరు పెడితే మైనస్ 26. తీగలో మోడెం దాకా వచ్చే వెలుతురు బలానికి ఇది లెక్క, మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. ఈ మోడెంలు మామూలుగా మైనస్ 27 దాకా లాక్కొస్తాయి, అది దాటితే పడుకుంటాయి. అంటే ఇవాళ నడుస్తుంది, నాలుగు రోజులు పోయాక జాయింటు కాస్త పాడయితే ఆగిపోతుంది. తీరా చూస్తే బీరువా వెనకాల తీగ మడతపడి ఉంది. అది గాజు తీగ, బాగా వంచితే అక్కడే వెలుతురు కారిపోతుంది. సరిచేయించాక మైనస్ 19 వచ్చింది. మీరు కూడా సంతకం పెట్టే ముందు ఈ అంకె అడగండి. మైనస్ 22 దాటి చూపిస్తే కుర్రాణ్ని కదలనివ్వకండి.

బాక్సు విషయానికొస్తే, బొమ్మ నిజంగా బాగుంది. మా రోజుల్లో అనలాగ్ లైనులో చివరింటికి వెళ్లేసరికి సగం చుక్కలే కనిపించేవి. ఇక్కడ మొదటిల్లయినా చివరిల్లయినా ఒకటే. కాకపోతే బాక్సుకి వైడ్‌వైన్ ఎల్1 (సినిమాలు కాపీ కాకుండా కాపాడే తాళం లాంటిది, అందులో పై స్థాయి) ఉందా లేదా అని కనుక్కోండి. అది లేని చవక బాక్సుల్లో ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీ ఇవ్వవు, 55 అంగుళాల టీవీ కొన్నా మసకబొమ్మే. మాకిచ్చిన దానికి ఉంది.

ఎక్కువ లాభపడింది మా అత్తగారు. 2019లో హాట్‌స్టార్ వాళ్లు వీఐపీ అని ఏడాదికి 365 రూపాయల చందా పెట్టి, సీరియల్‌ని టీవీలో రాకముందే పొద్దున్న ఆరింటికి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆవిడకి ఆ సంగతి ఈ బాక్సు వచ్చాకే తెలిసింది. ఇప్పుడు కాఫీతోపాటే సీరియల్ అయిపోతుంది. సాయంత్రం ఏడున్నరకి పక్కింటి పార్వతమ్మ గారు టీవీ ముందు కూర్చునేసరికి ఈవిడ గోడ అవతలినుంచి కథ మొత్తం చెప్పేస్తోంది. ఇది కంపెనీ తప్పు కాదనుకోండి. ఆవిడ ఇబ్బందల్లా రిమోటు. ఏ ఛానల్ ఏ నంబరో ఆవిడకి నోటికొచ్చు. ఈ రిమోటుకి అసలు నంబర్లే లేవు. మైకు బటన్ నొక్కి తెలుగులో చెబితే మాత్రం చాలాసార్లు సరిగ్గానే పట్టుకుంటోంది.

ఇక క్రికెట్. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

పక్కింట్లో ఇంకా కేబులే. మా టీవీలో బౌలర్ ఇంకా పరుగు మొదలెట్టడు, వాళ్లింట్లో కేక వినిపిస్తుంది. కేక వినగానే సిక్సో వికెట్టో మనకి తెలిసిపోతుంది, ఇక చూడ్డానికేముంది? కేబుల్లో బొమ్మ శాటిలైట్ నుంచి డిష్షుకీ, అక్కణ్నుంచి వైరుకీ ఆగకుండా వచ్చేస్తుంది. ఓటీటీ యాప్‌లో అలా కాదు. ఆటని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని నాలుగైదు రకాల నాణ్యతల్లో తయారుచేసి సర్వర్లలో పెడతారు. నెట్ తడబడినా బొమ్మ ఆగకూడదని మన బాక్సు రెండు మూడు ముక్కలు చేతిలో ఉంచుకుని గాని మొదలెట్టదు. అన్నీ కలిసి అర నిమిషం దాకా వెనకబడుతుంది. స్పీడు 100 ఎంబీపీఎస్ నుంచి 300కి పెంచుకుంటే పోతుందని ఫోన్లో అమ్మాయి చెప్పింది. పోదు.

దీనికి దారి ఉంది. అదే బాక్సులో కంపెనీ సొంత లైవ్ టీవీ మెనూ వేరుగా ఉంది. అది వాళ్ల కంట్రోల్ రూమ్‌లో డిష్షుతో పట్టుకుని సొంత ఫైబర్ మీద వీధి మొత్తానికి ఒకే ప్రవాహంగా వదిలేది. అందులో పెడితే పక్కింటి కేకకీ మా బంతికీ రెండు మూడు సెకన్లే తేడా. మ్యాచ్ అయితే అందులోనే చూడండి, యాప్‌లో వద్దు.

యాప్‌లో చూడమని అందరూ ఎందుకు వెంటపడుతున్నారో తెలుసుకోవాలంటే 2022లో జరిగిన ఐపీఎల్ ప్రసార హక్కుల వేలం చూడాలి. భారత ఉపఖండానికి టీవీ హక్కులు 23,575 కోట్లకి పోతే, డిజిటల్ రెండు ప్యాకేజీలూ కలిపి 23,758 కోట్లు పలికాయి. వైరు వ్యాపారం చేసినవాణ్ని, ఆ రోజు పేపర్లో ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయా.

డబ్బు లెక్క. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ (టెలికాం, టీవీ ధరల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) కొత్త టారిఫ్ వచ్చాక కేబుల్ బిల్లులో ముందు 130 ప్లస్ పన్ను, ఆపైన ఒక్కో ఛానల్‌కి ధర ఉండేవి. ఏరుకుంటే తగ్గుతుందన్నారు గాని మా ఇంట్లో 350 కిందికి దిగలేదు. ఇంటర్నెట్‌కి విడిగా 590 కట్టేవాణ్ని. ఇప్పుడు రెండూ 707లో అయిపోతున్నాయి, గిట్టుబాటే. "20 ఓటీటీలు ఉచితం" అన్న మాటకి మాత్రం పడిపోకండి. సగం పేర్లు మీరెప్పుడూ విని ఉండరు. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5 ఉన్నాయా, అవి టీవీలో ఆడే చందానా, ఫోన్లోనే ఆడేదా అని అడగండి. మాకు ఒకటి ఫోన్‌కే ఇచ్చి పెద్ద పోస్టరు మాత్రం టీవీ మీద వేశారు.

లోకల్ ఛానల్ లేదు. పెళ్లి శుభాకాంక్షలు, శ్రద్ధాంజలి స్క్రోలింగులు, జాతర ఊరేగింపు ఇందులో రావు. ఎవరైనా పోయిన సంగతి ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో చూసుకోవాలి.

కరెంటు పోతే మోడెం ఆగుతుంది, దాంతో టీవీ కూడా. ఇన్వర్టర్ ఉన్నా ఆ ప్లగ్గు దాని లైను మీద ఉందో లేదో చూసుకోండి. లేకపోతే 12 వోల్టుల చిన్న యూపీఎస్ చాలు.

సీరియళ్లకీ సినిమాలకీ ఐదుకి నాలుగున్నర ఇస్తా, క్రికెట్‌కి మూడు. ఏడాది డబ్బు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అంటున్నారు. నేను నెలనెలా కడుతున్నా. తీగ తెగినప్పుడు వసూలు కాని బిల్లు ఒకటి ఉంటేనే కుర్రాడు తొందరగా వస్తాడని వసూళ్లకి తిరిగినవాడిగా నాకు తెలుసు.