హెడ్డు దించకుండా లీకు పట్టిన అమలాపురం షెడ్డు

మా కారులో ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ మిగతా రోజుల కన్నా సోమవారం పొద్దున ఎక్కువ తగ్గి కనబడేది. ఆ సంగతి నోటుబుక్కులో రాసుకున్నది నేనే, కానీ దాని అర్థం అమలాపురం మేస్త్రి గారు చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆయన షెడ్డు గురించే ఇదంతా రాస్తున్నాను. ఇంజన్ వేడెక్కే బండితో తిప్పలు పడుతున్న వాళ్ళెవరైనా మన కోనసీమలో ఉంటే వాళ్ళకి పనికొస్తుంది.

మాది రాజోలు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. బండి 2015 నాటి డీజిల్ కారు, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ స్కూలుకి, నెలకి రెండుసార్లు అమ్మని కాకినాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది అదే, నడిపేది నేనే. ధనుర్మాసం మొదట్లో ఒకరోజు బోడసకుర్రు వంతెన దిగేసరికి టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోయింది. పక్కకి తీసి ఇంజన్ ఆపేసి, ముప్పావు గంట అలాగే కూచున్నాం. చల్లారాక బానెట్ ఎత్తితే డబ్బాలో కూలెంట్ అడుగంటిపోయి ఉంది. రోడ్డు మీద మాత్రం ఒక్క చుక్క లేదు. పక్క సీట్లో కళ్ళకి చుక్కలమందు వేసుకున్న అమ్మ, వంతెన మీద లారీల హోరు. ఆ ముప్పావు గంట నేను మర్చిపోలేను.

మొదట ఒక పెద్ద సర్వీసు సెంటరుకి ఇచ్చాం. ఎక్కడిదో, ఎవరిదో రాయను. వాళ్ళు డబ్బా మూత మార్చారు, 650 రూపాయలు. పది రోజులకి మళ్ళీ అదే కథ. రెండోసారి ఇస్తే, "బయట ఎక్కడా కారట్లేదు మేడం, అంటే లోపలే తాగేస్తోంది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్డు దించాలి, 42,000 దాకా అవుతుంది" అన్నారు. హెడ్డు అంటే ఇంజన్ పైభాగం, దానికీ కింది సిలిండర్ల దిమ్మకీ మధ్య బిగించే పలకే గ్యాస్కెట్. ఏం పరీక్ష చేసి చెప్తున్నారని అడిగాను. అనుభవం మీద చెప్తున్నాం అన్నారు. డబ్బు మాట అటుంచితే, చూడకుండా చెప్పిన మాటకి ఇంజన్ విప్పించడానికి నా మనసు ఒప్పలేదు. ఇంటి పక్కనున్న వ్యాను డ్రైవరు ఒక పిడికెడు పసుపు పోసెయ్యండి, పూడుకుపోతుంది అన్నాడు. మా స్కూల్లో హిందీ టీచరు గారు ఈ షెడ్డు సంగతి చెప్పకపోతే ఆ పసుపూ పోసేదాన్నే.

షెడ్డు ఎర్రవంతెన వైపు ఉంటుంది. బోర్డు మీద 'రేడియేటర్ వర్క్స్' అన్నంతవరకే రంగు మిగిలింది, పేరు ఎండకి వెలిసిపోయింది. లోపల మేస్త్రి గారు, ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు, అంతే. నేను వెళ్ళగానే కుర్రాడు బానెట్ ఎత్తబోతే ఆయన ఆపారు.

"ఆయ్, రండమ్మా. ముందు నీడలో పెట్టి తాళం తీసెయ్యండి. వేడి మీద నేను మూత ముట్టుకోనండి."

ఆ చల్లారే గంటసేపూ ఆయన అడిగిన ప్రశ్నలకే నేను ఐదుకి ఐదు ఇస్తాను. హీటరు వేసినప్పుడు తియ్యటి వాసన వస్తోందా? ముందు సీటు కింద కార్పెట్ తడుస్తోందా? పొద్దున స్టార్టు చేస్తే తెల్లపొగ వస్తోందా? తగ్గినప్పుడు ఏం నీళ్ళు పోశారు? తగ్గేది తిరిగినప్పుడా, నిలబడినప్పుడా?

చివరి ప్రశ్నకి నా దగ్గర నోటుబుక్కు ఉంది. మొదటిసారి వేడెక్కిన దగ్గర్నుంచి డబ్బా మీద గళ్ళ కాయితం ముక్క అంటించి, రోజూ స్టార్టు చెయ్యకముందు పొద్దున ఏడుంబావుకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో రాసేదాన్ని. మామూలు రోజుల్లో రెండు, సోమవారాల్లో ఐదో ఆరో. శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చిన బండి మళ్ళీ సోమవారం దాకా కదలదు. ఆయన పేజీలు తిరగేసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "టీచరు గారూ, ఇది వేడికి కారేది కాదండి. బండి చల్లబడ్డాక కారుతోంది. సర్వీసు సెంటరు వాళ్ళు ఎప్పుడు చూసినా తిరిగొచ్చిన బండినే చూసుంటారు" అన్నారు.

అయినా ఆ మాట మీదే ఆగిపోలేదు. ముందు హెడ్ గ్యాస్కెట్ అనుమానం తీర్చారు. ఆయిల్ మూత తీసి లోపల కాఫీలో పాలు కలిసినట్టు మీగడ ఏమైనా ఉందేమో చూపించారు, లేదు. ఇంజన్ నడుస్తుండగా డబ్బా మూతి మీద ఒక గాజు గొట్టం పెట్టి, అందులో నీలం ద్రావణం పోసి లోపలి గాలిని దాని గుండా లాగారు. గ్యాస్కెట్ పోతే సిలిండర్లో మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంది, ఆ గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్‌కి నీలం రంగు మారిపోతుంది. అది బ్రోమోథైమోల్ బ్లూ అని చూడగానే తెలిసింది, మా ల్యాబులోనూ ఉంటుంది. ఐదు నిమిషాలైనా నీలం నీలంగానే ఉంది. 42,000 రూపాయల అనుమానం అక్కడితో పోయింది. ఆ పరీక్షకి ఆయన తీసుకున్నది 200.

తర్వాత ప్రెషర్ పరీక్ష. సైకిలు పంపులాంటి చేతిపంపు, దానికి ఒక మీటరు. డబ్బా మూత స్థానంలో దాన్ని బిగించి గాలి కొడతారు. మా మూత మీద 1.4 అని ఉంటుంది. అంటే లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా 1.4 బార్లు పెరిగేదాకా మూత పట్టి ఉంచుతుందన్నమాట. ఆ ఒత్తిడి ఉంటే ఉత్త నీళ్ళు కూడా 126 డిగ్రీల దాకా మరగవు, కూలెంట్ కలిస్తే ఇంకాస్త పైకి పోతుంది. అందుకే చిన్న బెజ్జం పడినా బండికి ముప్పే. నీళ్ళు పోతాయి, వాటితోపాటు మరుగుడు స్థానమూ కిందికి దిగుతుంది. ఆయన సరిగ్గా 1.4 దగ్గర ఆపేశారు. ఎక్కువ కొడితే బాగున్న గొట్టాలు కూడా పగులుతాయట. ఇరవై నిమిషాలు చూశాం, ముల్లు కదల్లేదు. ఈలోగా అద్దం కట్టిన పుల్లా టార్చిలైటూ పట్టుకుని రేడియేటర్ ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియంతో కలిసే అంచు, వాటర్ పంపు కింద నీళ్ళు కారడానికి పెట్టిన చిన్న బెజ్జం, థర్మోస్టాట్ గూడు, హీటరు గొట్టాలు అన్నీ తడిమి చూశారు. పంపు లోపలి సీలు పోతే మొదట తెలిసేది ఆ బెజ్జం దగ్గరేనట. అంతా పొడిగానే ఉంది.

"ఇంజన్ ఇంకా వెచ్చగా ఉందండి. రాత్రికి ఇక్కడ వదిలెయ్యండి, తెల్లారాక చూద్దారి."

వదిలే ముందు కూలెంట్‌లో చిన్న సీసాడు రంగు మందు పోశారు. అది అతినీల లోహిత కాంతి పడితే మెరుస్తుంది. మందు అంతా కలవాలని నా చేతే ఈదరపల్లి దాకా నడిపించి తీసుకొచ్చారు. నేను బస్సెక్కి రాజోలు వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తకుండా కూచుని ఉన్నారు. మీరు చూస్తుండగా చేద్దామని ఆగానమ్మా అన్నారు. చల్లటి ఇంజన్ మీద అదే పంపు, అదే 1.4. పది నిమిషాల్లో ముల్లు 1.1కి దిగింది. కుర్రాడు షెడ్డు రేకు తలుపు మూశాడు, చీకట్లో ఆయన ఊదారంగు దీపం వేశారు. ఇంజన్ వెనకాల, గేర్‌బాక్సు నెత్తిన, పచ్చటి మెరుపు గీతలా కనబడింది. ఆ గీతనే పట్టుకుని పైకి వెళ్తే, ఇంజన్ వెనకనుంచి హీటరుకి వెళ్ళే ఇనప గొట్టం, దానికి రబ్బరు గొట్టం తొడిగిన చోటు. క్లిప్పు చుట్టూ ఉప్పు పేరినట్టు తెల్లగా, గులాబీగా పొక్కు. అక్కణ్ణుంచి బొట్టు బొట్టుగా గేర్‌బాక్సు మీదికి, ఆ కిందనున్న ప్లాస్టిక్ కవరులోకి చేరుతోంది. పొద్దున బండి తీస్తే ఆ వేడికి ఆరిపోతుంది. నేలమీద చుక్క ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది.

రబ్బరు గొట్టం లాగితే కింద ఇనుము చెదలు తిన్న కొయ్యలా గుంటలు గుంటలుగా ఉంది. వేడెక్కితే ఇనుము వ్యాకోచిస్తుంది, రబ్బరు మెత్తబడి ఆ గుంటల్లోకి సర్దుకుంటుంది, లీకు ఆగుతుంది. చల్లారితే గొట్టం సన్నబడుతుంది, పాత రబ్బరు గట్టిపడుతుంది, స్క్రూ క్లిప్పు మాత్రం ఎంత బిగించారో అంతే ఉంటుంది, సందు పడుతుంది. ఘనపదార్థాల వ్యాకోచం మీద ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ పాత గొట్టం అడిగి తెచ్చుకున్నాను, మా ల్యాబులో బల్ల మీద ఉంది.

గుంటలు ఎందుకు పడ్డాయన్నది మన ఊళ్ళవాళ్ళంతా వినాల్సిన సంగతి. ఏం నీళ్ళు పోశారని ఆయన మొదటిరోజు అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి అడిగితే మా మామయ్య గారు ఒప్పుకున్నారు, రెండేళ్ళుగా తగ్గినప్పుడల్లా పెరట్లో బోరు నీళ్ళే పోస్తున్నారట. ట్రాక్టరు నడిపిన రోజుల అలవాటు. సముద్రానికి దగ్గరగా ఉన్న మన లంకల్లో బోరు నీళ్ళు ఎలా ఉంటాయో తెలిసిందే, బిందెకి తెల్లటి పొర కట్టి తీరుతుంది. మర్నాడు స్కూల్లో ఆ నీళ్ళలో రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేశాను, విరిగిన పాలలా తెల్లగా పేరుకుంది. అది క్లోరైడు. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే తేటగానే ఉంది. ఇనుముకీ అల్యూమినియానికీ క్లోరైడు ఎంత చేటో వేరే చెప్పక్కర్లేదు. పైగా తగ్గినప్పుడల్లా ఉత్త నీళ్ళు పోస్తే కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు పలచబడిపోతుంది. కూలెంట్ చల్లబరచడానికే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది ఇంజన్‌కి లోపలనుంచి పూత కూడా. మామయ్య గారు చాలా బాధపడ్డారు. ఆయన తప్పు కాదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పసుపు మాట ఎత్తితే మేస్త్రి గారికి మొదటిసారి కోపం వచ్చింది. పసుపుగానీ లీకు పూడ్చే పొడిగానీ బెజ్జమేదో, రేడియేటర్ సన్న గొట్టమేదో ఎరగవండి, అన్నీ పూడ్చేస్తాయి అన్నారు. దారిలో చిక్కుకుపోయి ఇల్లు చేరడానికైతే తప్ప వెయ్యొద్దన్నారు.

ఇనప గొట్టం రాజమండ్రి నుంచి రావడానికి రెండు రోజులన్నారు, మూడు పట్టింది. పాత కూలెంట్ తీసి రెండుసార్లు కడిగితే మొదట వచ్చింది టీ డికాషన్ రంగు నీళ్ళు. ఆ వ్యర్థాన్ని ఆయన కాలవలో పోయనివ్వరు, మూతున్న డబ్బాల్లో పట్టించి వేరే పెట్టిస్తారు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. షెడ్డు వెనకే పంటకాలవ. ఈ ఒక్క విషయానికే ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

మొత్తం 6,100 అయింది, పరీక్షకిచ్చిన 200 కాక. ఇనప గొట్టం 1,650, రెండు రబ్బరు గొట్టాలు 900, స్ప్రింగు క్లిప్పులు రెండూ కలిపి 180, కూలెంట్ 1,420, డిస్టిల్డ్ వాటర్ 150, మజూరీ 1,800. స్ప్రింగు క్లిప్పు ఎందుకంటే, గొట్టం సన్నబడినా లావైనా అది తనంతట తాను బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపి పోసి, గాలి బుడగలు పోయేదాకా హీటరు పూర్తిగా తిప్పి అరగంట నడిపారు. చల్లారాక మళ్ళీ ప్రెషర్ పెట్టి, ముల్లు నిలబడింది చూపించాకే డబ్బు తీసుకున్నారు.

లోపాలూ చెప్పాలి. కూచోడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ళకి బాత్రూం లేదు, ఎదురింటి వాళ్ళని అడగాల్సి వచ్చింది. దీనిమీద ఆయన శ్రద్ధ పెట్టాలి, ఆ మాట ఆయనతోనే చెప్పాను. బిల్లు నోటుబుక్కు కాయితం మీద రాసిస్తారు. గొట్టం ఒకరోజు ఆలస్యమైనప్పుడు ఫోను చేసి చెప్పలేదు, నేనే మూడుసార్లు చెయ్యాల్సి వచ్చింది. బాత్రూంకి, ఫోనుకి కలిపి అర మార్కు తీసేస్తున్నాను. ఐదుకి నాలుగున్నర.

ఇది రాస్తున్నది ఏడో సోమవారం. గళ్ళ కాయితం మీద గీత పెట్టిన చోటే ఉంది. నిన్నగాక మొన్న అమ్మని కాకినాడ తీసుకెళ్ళి వచ్చాను, ఎదుర్లంక వంతెన మీద ఏసీ వేసుకుని వెళ్ళినా ముల్లు సగం దాటలేదు.

వెళ్ళేవాళ్ళు ముందురోజు సాయంత్రం ఐదు లోపు బండి అప్పజెప్పండి, చల్లటి ఇంజన్ మీద చూడటానికి ఆయనకి రాత్రంతా కావాలి. ఎప్పుడు ఎంత తగ్గిందో, ఏ నీళ్ళు పోశారో రాసుకెళ్ళండి. మంగళవారం తియ్యరు.