హెచ్‌ఎస్‌టీ నుంచి వి.90 దాకా: పన్నెండేళ్ల మోడెము కాపురం

మోడెముకి, అంటే కంప్యూటర్‌ని ఫోను తీగకి కలిపే పెట్టెకి, సమీక్ష రాయడంలో ఒక చిక్కుంది. మిక్సీ అయితే పప్పు రుబ్బి చూసి చెప్పేయొచ్చు. మోడెములో సగమే మన బల్ల మీద ఉంటుంది, మిగతా సగం ఫోను తీగకి అవతలి కొసన ఎవరింట్లోనో ఉంటుంది. అవతలిది ఏ రకమో తెలీకుండా ఇవతలిదానికి మార్కులు వేయలేం. 1991 నుంచి 2003 దాకా నేను సొంతంగా వాడినవి నాలుగు, ఉద్యోగంలో భాగంగా సేవ చేసినది ఇంకొకటి. ఆ అనుభవంతో రాస్తున్నాను.

మొదటిది యూఎస్ రోబోటిక్స్ వాళ్ల కొరియర్ హెచ్‌ఎస్‌టీ. టెక్సస్‌లో ఎమ్మెస్ చదువుతున్న రోజులు. అప్పటిదాకా 2400 స్పీడు (సెకనుకి అన్ని బిట్లు) మోడెముతో ఈడ్చుకొస్తున్నాను. నోటీసు బోర్డు మీద చీటీ చూసి, సెకండ్ హ్యాండులో 250 డాలర్లు పోసి కొన్నాను. ఆ నెల అద్దెలో నా వాటాకి రూమ్మేటు దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. 14400 స్పీడు కదా, ఆ మాత్రం తప్పదనుకున్నాను.

ఆ రాత్రి యూనివర్సిటీ నంబరు కొట్టాను. కూతలు, కీచులు అన్నీ అయ్యాక తెర మీద ‘కనెక్ట్ 2400’ అని పడింది. కేబుల్ మార్చాను. ఇంకోసారి, మరోసారి చేశాను. కొరియర్ ముందు పలక మీద వరసగా ఎర్ర దీపాలుంటాయి. వాటిలో హెచ్‌ఎస్ అనేది హై స్పీడు అయితేనే వెలుగుతుంది. దానివంక చూస్తూ కూర్చున్నాను, వెలగలేదు. మోసపోయాననే అనుకున్నాను. మర్నాడు ఊళ్లోని ఒక బీబీఎస్‌కి (ఫోనులో కలిసే బులెటిన్ బోర్డు కంప్యూటర్) ఫోను కలిపితే ‘కనెక్ట్ 14400’, పక్కన హెచ్‌ఎస్‌టీ అని తోక. పెట్టె అదే, తీగ అదే, హెచ్‌ఎస్ దీపం మాత్రం భేషుగ్గా వెలుగుతోంది.

తప్పు నాదే, కొనేముందు అడగలేదు. హెచ్‌ఎస్‌టీ అనేది 1986లో ఆ కంపెనీ సొంతంగా చేసుకున్న పద్ధతి. మొదట 9600, 1989లో 14400. ఆ వేగం ఒక దిక్కుకే. ఎదురు దిక్కుకి సన్నటి కాలవ, మొదట్లో 300 బిట్లు, తర్వాత 450. ఎవరి దగ్గర పంపాల్సిన సరుకు ఎక్కువుంటే వెడల్పు దారి వాళ్ల వైపు తిరుగుతుంది. ఇంత తతంగం ఎందుకంటే, రెండు దిక్కులా ఒకేసారి 9600 నడపాలంటే మన గొంతు ప్రతిధ్వనిని మనమే తీసేసుకోవాలి, ఆ రోజుల్లో అందుకు కావాల్సిన చిప్పులు ఖరీదు. అంతర్జాతీయ టెలిఫోను ప్రమాణాల సంస్థ సీసీఐటీటీ 1984లోనే వి.32 అనే ప్రమాణంలో ఆ దారి చెప్పింది కానీ, ఆ మోడెములు సామాన్యుడికి అందుబాటులో లేవు. కంపెనీలు ఆగలేక తలో దారీ పట్టాయి. హేస్ వాళ్లు పింగ్‌పాంగ్ అని ఒకటి తెచ్చారు, వంతులవారీగా చటుక్కున దిక్కు మార్చుకునే పద్ధతి. టెలిబిట్ వాళ్ల సొంత పద్ధతి పెప్. బీబీఎస్ నడిపేవాళ్లకి యూఎస్ రోబోటిక్స్ బాగా తగ్గించి ఇచ్చేది కాబట్టి అక్కడంతా హెచ్‌ఎస్‌టీ రాజ్యం. మా యూనివర్సిటీలో వి.32. ఈ రెంటికీ తెలిసిన ఉమ్మడి భాష ఒక్కటే, పాత 2400. అందుకని దాంట్లోనే మాట్లాడుకున్నాయి పాపం.

2400 మీద ఫ్లాపీ నిండా సరుకు దించడానికి గంటా నలభై అయిదు నిమిషాలు పట్టేది. హెచ్‌ఎస్‌టీ మీద పావుగంట. అంత తేడా. అయితే జడ్‌మోడెమ్ లాంటి ఒక దిక్కు ప్రోటోకాల్‌తో (ఫైళ్లు పంపే పద్ధతి) ఫైలు దించుకునేటప్పుడే దాని దర్జా. ఒకేసారి అటూ ఇటూ ఫైళ్లు పంపే ప్రోటోకాల్ ఏదైనా వాడితే సన్న కాలవలో ఇరుక్కుపోయి ఏడుస్తుంది. ఆ పెట్టెని ఏడాది వాడి, నేను కొన్న ధరకంటే ఇరవై డాలర్లు తక్కువకి అమ్మేశాను. ఈసారి చీటీ మీద ‘హెచ్‌ఎస్‌టీ మాత్రమే’ అని పెద్దక్షరాలతో రాసి మరీ అమ్మాను.

టెలిబిట్ ట్రెయిల్‌బ్లేజర్‌తో పరిచయం పార్ట్‌టైమ్ పని వల్ల. ఒక చిన్న ఆఫీసులో యూనిక్స్ పెట్టె, రాత్రిపూట యూయూసీపీతో (యూనిక్స్ యంత్రాలు ఫోను మీద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) మెయిలు, న్యూసు (చర్చా గుంపుల ఉత్తరాలు) తెచ్చుకునేది. నేను చూసిన హైస్పీడు మోడెముల్లో ఇంత తెలివైనది ఇంకోటి లేదు. దాని పెప్ పద్ధతి ఫోను లైను పరిధిని 512 సన్న దారులుగా చీల్చి, ఏ దారిలో గోల తక్కువుందో చూసుకుని అందులో ఎక్కువ బిట్లు కుక్కుతుంది. గరగరలాడే లైను మీద వేరేవి చేతులెత్తేస్తే ఇది కాస్త వేగం తగ్గించుకుని పని కానిచ్చేది. లోపల మోటరోలా 68000, అంటే మాకింటాష్‌లో పెట్టిన ప్రాసెసరే. ఇంకో గడుసుతనం: యూయూసీపీ ప్రతి చిన్న ముక్కకీ ‘అందింది’ అనే రసీదు కోసం ఆగుతుంది. పెప్‌లో దిక్కు మార్చుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి ఆ ఎదురుచూపుల్లోనే తెల్లారిపోవాలి. అందుకని మోడెమే మధ్యలో కూర్చుని, అవతలివాళ్ల బదులు తనే రసీదులిచ్చేస్తుంది. మోడెములో ఎస్111 అనే సెట్టింగుని 30 చేస్తే యూయూసీపీకి, 10 చేస్తే కెర్మిట్ అనే ఇంకో ఫైళ్ల పద్ధతికి. చిన్న అబద్ధం, పెద్ద లాభం.

కానీ అదే మోడెము మీద కూర్చుని లాగిన్ అయి టైపు చేయాలంటే నరకం. అక్షరం కొడతాం, ఆగుతాం, అప్పుడు తెర మీద తేలుతుంది. వీఐ ఎడిటర్లో ఒక వాక్యం దిద్దేలోపు టీ చల్లారేది. పైగా ఫోను ఎత్తగానే ట్రెయిల్‌బ్లేజర్ తన పెప్ కూతలు ముందు కూస్తుంది. వి.32 మోడెముతో ఫోను చేసినవాడికి ఆ కూతలు అర్థంకాక పెట్టేసేవి. అది సెట్ చేయాల్సింది నేనే, రెండు వారాలు తల బద్దలుకొట్టుకున్నాను. మాన్యువల్‌లో ఎక్కడో మూలన ఉంది: ఎస్92ని 1 చేస్తే పెప్ కూతలు వరసలో చివరికి పోతాయి. ఒక్క అంకె. ఆ తర్వాత అందరికీ లైను కలిసింది. మాన్యువల్ చదవని పాపానికి రెండు శనివారాలు ఆఫీసులో గడిపాను.

1991లో వి.32బిస్ ప్రమాణం వచ్చాక కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంది. ఏ పెట్టె కొన్నా 14400, రెండు దిక్కులా. వి.42 ఉంటే తప్పులు అవే దిద్దుకునేవి, వి.42బిస్ ఉంటే సరుకుని కుదించి మూట కట్టి పంపేవి. (అంతకుముందున్న ఎంఎన్‌పీ5 అయితే జిప్ ఫైలుని ఇంకా కుదించబోయి ఉబ్బించేది, దాన్ని ఆపేసుకోవడం మొదటి పని.) అప్పుడు నేను వాడిన చవక 14400 పెట్టె గురించి చెప్పడానికేం లేదు. పని చేసింది.

మళ్లీ గొడవ 28800తో. ఆ స్పీడుకి ప్రమాణమైన వి.34 ఖరారు కావడానికి ఆలస్యమవుతుంటే రాక్‌వెల్ చిప్పులతో వి.ఎఫ్‌సీ అనే తొందరపాటు సరుకు 1993 చివర్లో మార్కెట్లోకి దిగింది. 1994లో అసలు వి.34 వచ్చేసింది. నేను కొన్నది ఆ రెంటి మధ్యలో, వి.ఎఫ్‌సీ ఒక్కటే తెలిసిన పెట్టె. ఏ కంపెనీదో చెప్పను. వి.34 మాత్రమే తెలిసినవాడికి ఫోను చేస్తే 14400 దగ్గరే కలిసేది. చిప్ మార్చి పంపుతామన్నారు, డబ్బు కట్టి నెలన్నర చూశాను. వచ్చిన చిప్ కాళ్లలో ఒకటి వంగి ఉంది. సూదితో నిలబెట్టి గుచ్చాను. అప్పటికే విసుగెత్తి ఇంకోటి కొనేశాననుకోండి.

ఆ ఇంకోటే ఈ సమీక్షలో అసలు హీరో, కొరియర్ వి.ఎవ్రీథింగ్. పేరుకి తగ్గట్టే హెచ్‌ఎస్‌టీ, వి.32బిస్, వి.32టెర్బో, వి.ఎఫ్‌సీ, వి.34 అన్నీ వచ్చు. 1995లో కొన్నాను, ఖరీదెక్కువే. అవతల ఎవరున్నా వాళ్ల భాషలో పలకరించేది. దానితోనే సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు న్యూస్‌గ్రూపులో రైస్ పద్ధతిలో, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో, రాసిన తెలుగు అర్ధరాత్రి దాకా చదివేవాణ్ణి. ఇండియా నుంచి అమ్మ ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఫోను చేస్తే ఎప్పుడూ ఎంగేజే. కాల్ వెయిటింగ్ బీప్ వస్తే లైను తెగుతుందని, దాన్ని ఆపేసే స్టార్ 70ని నంబరుకి ముందు పెట్టేవాణ్ణి మరి. ‘‘ఆ డబ్బాతో ఏం మాట్లాడతావురా అంతసేపు?’’ అనేది.

56కే (56000 స్పీడు) యుద్ధం 1997లో. ఒక పక్క యూఎస్ రోబోటిక్స్ ఎక్స్2, రెండో పక్క రాక్‌వెల్, లూసెంట్ కలిసి తెచ్చిన కె56ఫ్లెక్స్. ఊహ ఒకటే: ఇంటర్నెట్ సర్వీసు కంపెనీ లైను పూర్తిగా డిజిటల్, కాబట్టి దారిలో అనలాగ్ మార్పు ఒక్కచోటే, మన వైపు. అందువల్ల కిందికి దాదాపు 56000, పైకి పాత 33600. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన పవర్ పరిమితి వల్ల అదీ 53 వేల దగ్గరే ఆగేది. ఊహ ఒకటైనా ఇద్దరికీ మాటల్లేవు. ఎక్స్2 పెట్టె ఫ్లెక్స్ నంబరుకి చేస్తే 33600 లోపే. ఫ్లెక్స్ పెట్టె ఎక్స్2 నంబరుకి చేసినా అంతే.

నా కొరియర్ ఫ్లాష్‌తో (లోపలి ప్రోగ్రామ్ మార్చి) ఎక్స్2 అయింది. నా సర్వీసు కంపెనీ, పేరొద్దు, ‘త్వరలో 56కే’ అని ఊరించి ఊరించి ఫ్లెక్స్ పెట్టింది. కంపెనీ మారుద్దామంటే మెయిల్ ఐడీ పోతుంది, అప్పటికి అది ఇండియాలో ఇరవైమంది డైరీల్లో ఎక్కి ఉంది. ఇంకో కంపెనీ ఎక్స్2 నంబరు ఉచిత ట్రయల్‌లో చూశాను: 44000. ఫైలు సెకనుకి అయిదు వేల బైట్ల చొప్పున దిగింది. నలభై నిమిషాల్లో మూడుసార్లు తెగింది. లైను పెట్టేశాక ఏటీఐ6 అనే ఆదేశం కొడితే కొరియర్ తన చిట్టా విప్పుతుంది: ఎన్ని బ్లాకులు చెడ్డాయి, ఎన్నిసార్లు రీట్రెయిన్ (లైనుని మళ్లీ సరిచూసుకోవడం) అడిగింది, ఎన్నిసార్లు ఒప్పుకుంది. ఆ చిట్టా చూస్తే జ్వరం చార్టులా ఉంది. మళ్లీ పాత నంబరుకి వెళ్లి 31200 మీద నాలుగు గంటలు ఏకబిగిన ఉన్నాను, ఒక్క రీట్రెయిన్ లేదు. నేనైతే 31200కే ఓటేశాను.

1998 ఫిబ్రవరిలో జెనీవాలో రాజీ కుదిరి వి.90 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. మళ్లీ ఫ్లాష్ చేశాను, అదే పెట్టె. కనెక్ట్ అయిన అంకెని బట్టి ఏ భాషలో కలిసిందో చాలావరకు చెప్పేయొచ్చు. ఫ్లెక్స్ రెండేసి వేల మెట్లు ఎక్కుతుంది, 42000, 44000, 46000. వి.90 మెట్టు 1333, అందుకే 45333 లాంటి వింత అంకెలు. వి.90 వచ్చిందన్నంత మాత్రాన గొడవలు ఆగలేదు. వేర్వేరు చిప్పులవాళ్లు అదే కాగితాన్ని వేర్వేరుగా అర్థం చేసుకున్నారు, ఏడాదిపాటు అటువైపు సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా ఇటువైపు ఫ్లాష్ చేయడమే. తమ్ముడు హైదరాబాదు నుంచి ఏది కొనమంటావని మెయిలిస్తే, ‘‘ముందు అటువైపు ఏముందో కనుక్కోరా’’ అన్నాను. వాడికి కోపమొచ్చింది. పెట్టె పేరు చెప్పమంటే ప్రశ్న వేస్తావేంటని.

2003లో డీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండు వచ్చాక కొరియర్ అటకెక్కింది. పోయినేడాది దింపి చూస్తే దీపాలు వెలిగాయి. పాత కంప్యూటర్ల మోజుతో ఎవరైనా కొనాలనుకుంటే కొరియర్‌కే నా ఓటు. కొనేముందు అమ్మేవాణ్ణి హెచ్‌ఎస్‌టీయా, డ్యూయల్ స్టాండర్డా (హెచ్‌ఎస్‌టీ, వి.32 రెండూ తెలిసినది), వి.ఎవ్రీథింగా అని అడగండి, అడుగున ఉన్న లేబుల్ ఫోటో తీసి పంపమనండి. అడాప్టర్ పోయిందంటే జాగ్రత్త, నా దానికి కావాల్సింది ఏసీ ఇచ్చేది, ఇంట్లో పడున్న రౌటర్ డీసీ అడాప్టర్ దూరుతుంది కదాని గుచ్చకండి. కంప్యూటర్ సీరియల్ పోర్టులో 16550 చిప్ ఉందో లేదో చూసుకోండి, పాత 8250 అయితే 28800 మీద అక్షరాలు జారిపోతాయి. ఇప్పటి ఫైబర్ ఫోను లైను మీద 33600 ఆశించకండి. నా దాని మీద 9600కి కట్టేస్తేనే నిలబడింది, అదీ వర్షం లేని రోజు.