నడుము నొప్పికి ఊపిరి కసరత్తు పరికరం: హనుమకొండలో వాడి చూశాక

ఏళ్లుగా తగ్గినట్టే తగ్గి తిరగబెడుతున్న నా నడుము నొప్పికి హనుమకొండలోని ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో, మామూలు వ్యాయామాలకు తోడుగా శ్వాస కండరాలకు బలమిచ్చే పరికరాన్ని సూచించారు. అరచేతిలో ఇమిడే గొట్టం, లోపల స్ప్రింగు బిగించిన కవాటం, పక్కన అంకెలు, ముక్కుకు ఒక క్లిప్పు, అంతే. ఎంచుకున్న అంకెకు సరిపడా బలంగా ఊపిరి లాగితేనే కవాటం తెరుచుకుంటుంది. వదిలేటప్పుడు ఏ అడ్డూ ఉండదు.

ఊపిరికీ నడుముకూ సంబంధమేమిటని మా ఇంట్లో అందరూ అడిగారు. మనం ఊపిరి పీల్చడానికి ప్రధానంగా పనిచేసే ఉదరవితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రం కండరం) వెనుక భాగాన నడుము పైవరుస వెన్నుపూసలకే అతుక్కుని ఉంటుంది. అది బిగుసుకున్నప్పుడు పొట్టలో పీడనం పెరిగి వెన్నుకు ముందువైపు నుంచి దన్ను దొరుకుతుంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో, తరచూ నడుము నొప్పి వచ్చే 28 మందిని రెండు జట్లుగా చేసి 8 వారాలు ఈ కసరత్తు చేయించారు. ఊపిరి లాగే గరిష్ఠ బలంలో 60 శాతం అడ్డుతో చేసినవారికి నొప్పి తగ్గింది. 10 శాతంతో చేసినవారికి ఆ మార్పు రాలేదు. ఇంత చిన్న ప్రయోగాన్ని బట్టి దీన్ని అందరికీ పనికొచ్చే మందనలేం గానీ, అడ్డు ఎంత పెట్టాలన్నదే అసలు విషయమని మాత్రం తేలుతోంది.

అందుకే ఈ క్లినిక్‌ను మెచ్చుకుంటున్నాను. పరికరం చేతికివ్వకముందే అక్కడ నా గరిష్ఠ బలాన్ని మీటరుతో కొలిచి, దాన్నిబట్టి అంకె నిర్ణయించారు. తర్వాత ఫిజియోథెరపిస్టు నా కింది పక్కటెముకల మీద రెండు అరచేతులూ ఆనించి, "భుజాలు లేపొద్దు సార్, నా చేతులు పక్కకు జరగాలె" అంటూ ప్రతి శ్వాసనూ దిద్దారు. ఆ దిద్దుబాటు ఏ వీడియోలోనూ దొరకదు. నొప్పి పూర్తిగా పోలేదు. అయితే ఇప్పుడు చివరి పీరియడ్ వరకూ బల్లను ఆనుకోకుండా నిలబడి పాఠం చెప్పగలుగుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. కొన్ని రకాల్లో అంకెలు 41 సెంటీమీటర్ల నీటి పీడనం (ఊపిరి లాగే బలాన్ని కొలిచే ప్రమాణం ఇదే) దగ్గరే ఆగిపోతాయి. గరిష్ఠ బలం 80 ఉన్నవారికి 60 శాతమంటే 48 కావాలి కనుక, అలాంటిది కొంటే డబ్బు దండగే. మందుల దుకాణంలో అడిగితే, ఊపిరి లాగితే బంతులు పైకి లేచే మూడు బంతుల స్పైరోమీటరు చేతిలో పెడతారు. ధర తక్కువే, కానీ అందులో అడ్డును కొలిచి బిగించే వీలు లేదు. కవాటంలో ఉమ్మి చేరుతుంది గనుక గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, ఒకరిది మరొకరు వాడకూడదు. గబగబా పీలిస్తే తల తిరుగుతుంది.

ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన చరిత్ర గానీ, చెవి కర్ణభేరికి చిరుగు గానీ ఉన్నవారు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా కసరత్తుల జోలికి పోకుండా ఆ రోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లాలి.